బెంగళూరు ప్రోగ్ మెటల్ షోకి బెజవాడ నుంచి నలుగురం: ఎక్కడ నిలబడాలి, చెవులకేం పెట్టుకోవాలి, లెక్క ఎలా పట్టుకోవాలి?

పటమట_రిఫ్:

నమస్తే అందరికీ. మేం నలుగురం. ఇద్దరం బెజవాడ, ఇద్దరు గుంటూరు. ప్రోగ్ మెటల్ (తాళం లెక్కలు చిక్కుగా ఉండే మెటల్ సంగీతం) బ్యాండ్లు మెషుగ్గా, ఓపెత్, డ్రీమ్ థియేటర్, టెసెరాక్ట్, వీళ్ళలో ఎవరు బెంగళూరు వచ్చినా వెళ్ళి తీరాలని అనుకున్నాం. పాటలు కంఠతా వచ్చు కానీ అంత పెద్ద ఓపెన్ ఎయిర్ షో మాలో ఎవరికీ అలవాటు లేదు. తేదీ ప్రకటించాక పరుగులు పెట్టేకంటే ముందే తెలుసుకుంటే మంచిదని అడుగుతున్నా.

ఫ్యాన్ పిట్ (స్టేజి ముందు కంచె వేసిన చోటు) టికెట్‌కి ఎక్కువ డబ్బు పెడితే సౌండ్ పరంగా లాభం ఉంటుందా? మాలో ఒకడికి ఇప్పటికే చెవిలో సన్నగా గుయ్యిమని మోత ఉంది. వాడికి ఎలాంటి ఇయర్ ప్లగ్స్ కొనాలి, పెట్టుకుంటే పాట మొద్దుబారిపోదా? షో అయ్యాక అదే రాత్రి బస్సెక్కేయొచ్చా? ఇంకో సందేహం: ఆల్బమ్‌లో తేలిగ్గా లెక్క అందే రిఫ్‌లు (గిటార్ మీద మళ్ళీ మళ్ళీ తిరిగే ముక్కలు) లైవ్ వీడియోల్లో విన్నప్పుడు ఎక్కడ మొదలవుతున్నాయో తెలియడం లేదు. దానికి ముందుగా ఏం సాధన చేయాలి?

కన్సోల్_ముందు:

తమ్ముడూ, టికెట్ కొనేముందు ధర కన్నా గ్రౌండ్ మ్యాప్ చూడండి. షో పేజీలో లేఅవుట్ బొమ్మ ఒకటి పెడతారు. స్టేజికి ఎదురుగా జనం మధ్యలో ఒక చిన్న చతురస్రం కనిపిస్తుంది. అది మిక్సింగ్ కన్సోల్ ఉండే టెంట్, సౌండ్ వాళ్ళు ఎఫ్‌ఓహెచ్ అంటారు. బ్యాండ్‌తో వచ్చిన ఇంజనీర్ అక్కడ కూర్చుని తన చెవికి వినపడేదాన్నిబట్టే ఫేడర్లు కదుపుతాడు. మైదానం మొత్తంలో సౌండ్‌కి ఒక మనిషి పూచీ పడే చోటు అదొక్కటే. ఫ్యాన్ పిట్ బారికేడ్ ఆ టెంట్‌కి చాలా ముందే అయిపోతే మామూలు టికెట్ తీసుకోండి, టెంట్ ముందు నిలబడండి. తక్కువ డబ్బుకి మంచి సౌండ్ వస్తుంది. పిట్ టెంట్ దాకా సాగి ఉంటే మాత్రం పిట్ టికెట్‌కి పెట్టిన డబ్బు వృథా కాదు.

టెంట్ వెనక నిలబడకండి. గుడ్డ, ఇనప స్తంభాలు, లైట్ల వాళ్ళ పెట్టెలు అడ్డొచ్చి సింబల్స్ (డ్రమ్స్ మీది లోహపు పళ్ళేలు) శబ్దాన్ని మింగేస్తాయి. టెంట్ ముందు కూడా సరిగ్గా నడిమధ్య గీత మీద వద్దు. సబ్ స్పీకర్లు (బేస్ ఒక్కటే కొట్టే పెద్ద పెట్టెలు) స్టేజికి అటూ ఇటూ రెండు గుట్టలుగా పేర్చి ఉంటే రెండింటి శబ్దం మధ్య గీతకి ఒకేసారి చేరి, అక్కడ బేస్ మిగతా అన్నిటినీ కప్పేస్తుంది. అక్కడి నుంచి మరీ పక్కకి, అయిదారు మీటర్లు జరిగితే ఒక గుట్ట శబ్దం రెండోదాన్ని కొట్టేసి కిక్ డ్రమ్ పల్చబడిపోతుంది. మధ్యకి రెండు మూడు మీటర్ల పక్కన బాగుంటుంది. సబ్‌లు స్టేజి పొడవునా వరసగా పరిచి ఉంటే ఈ తేడా తక్కువ, ఎక్కడ నిలబడినా ఒకటే.

మిగతా సంగీతానికి ఇంత పట్టింపు అక్కర్లేదు. ప్రోగ్ మెటల్‌కి ఎందుకంటే, 8 తీగల గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ మామూలుగా ఎఫ్ షార్ప్, అంటే 46 హెర్ట్జ్. మెషుగ్గా అరమెట్టు దించి ఎఫ్‌కి కడతారు, సుమారు 44. కిక్ డ్రమ్ బరువు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. పైగా 180 టెంపోలో (నిమిషానికి 180 బీట్లు) డబుల్ కిక్ పదహారో భాగాల్లో (బీటుకి నాలుగు) నడిస్తే సెకనుకి 12 దెబ్బలు. బేస్ ఊరికే గుమ్మరించే చోట నిలబడితే ఆ 12 దెబ్బలూ గిటారూ కలిసి ఒకే ముద్దగా వినిపిస్తాయి. అప్పుడు పాట కంఠతా వచ్చినవాడికి కూడా రిఫ్ దొరకదు.

ఇంకోటి చాలామంది గమనించరు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. స్టేజికి 35 మీటర్ల దూరంలో నిలబడితే మీ చెవికి చేరేసరికి సెకనులో పదో వంతు ఆలస్యం. 120 టెంపోలో పదహారో భాగం విలువ 125 మిల్లీసెకన్లు. అంటే డ్రమ్మర్ కర్ర దిగడం కంటికి కనిపించాక దాదాపు ఒక పదహారో భాగం తర్వాత దెబ్బ వినిపిస్తుంది. కర్రని చూస్తూ లెక్కపెడితే తప్పుతుంది. లెక్క చెవితో పెట్టండి, చూపు వేరే దేనిమీదైనా ఉంచండి. వెనక ఉన్నవాళ్ళ చప్పట్లు కూడా ఇందుకే ఎప్పుడూ ఆలస్యంగా వినిపిస్తాయి, వాటిని నమ్ముకోవద్దు.

బ్రాడీపేట_బాస్:

సౌండ్ వరకు అన్న చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి లేదు. కానీ ఈ సంగీతం వాయించేవాళ్ళలో చాలామంది వేళ్ళు చూడ్డానికి కూడా వెళ్తారు. రెండు చేతులతో తీగల మీద ట్యాపింగ్, కుడి అరచేతి అంచుతో తీగల్ని నొక్కిపెట్టి కొట్టే తీరు, బాసిస్ట్ వేళ్ళతో కొడుతున్నాడా పిక్‌తోనా, ఇవి స్క్రీన్ మీద చూస్తే అర్థం కావు. కెమెరా సరిగ్గా ఆ క్షణానికి గాయకుడి మొహం మీదికి పోతుంది.

ముందుకి వెళ్ళదలిస్తే ఇవి తెలిసి వెళ్ళండి. ఆ టూర్ తాజా లైవ్ వీడియోలు చూసి మీకు కావలసిన గిటారిస్ట్ ఏ పక్క నిలబడతాడో ముందే తేల్చుకోండి, ఆ పక్కకే పోవాలి. జనం నిండాక స్టేజి ముందు అడ్డంగా నడవడం జరగని పని. ఇప్పుడు చాలా బ్యాండ్లు స్టేజి మీద ఆంప్లిఫయర్లు పెట్టడం లేదు. యాక్స్ ఎఫ్ఎక్స్, కెంపర్, క్వాడ్ కార్టెక్స్ లాంటి డిజిటల్ పెట్టెల నుంచి గిటార్ నేరుగా పీఏలోకి (జనానికి వినిపించే స్పీకర్లలోకి) పోతుంది. పెద్ద స్పీకర్లు మీ తల మీదుగా వెనక్కి కొడుతుంటాయి. బారికేడ్ దగ్గర మీకు వినపడేది డ్రమ్స్ అసలు చప్పుడు, స్టేజి అంచున పెట్టే చిన్న ఫ్రంట్ ఫిల్ స్పీకర్లలోంచి వచ్చే గాత్రం, అంతే. గిటార్ పల్చగా ఉందేంటని ఇంజనీర్ని తిట్టుకోవద్దు.

పైగా అక్కడ నిలబడ్డాక రెండు మూడు గంటలు కదలడం ఉండదు. చుట్టూ ఒత్తిడి పెరిగితే రెండు చేతులూ ఛాతీ ముందు అడ్డం పెట్టుకుని ఊపిరికి చోటు చేసుకోండి. తోపుకి ఎదురు నిలబడొద్దు. తోపు ఆగిన సందులో ఏటవాలుగా ఒక్కో అడుగు పక్కకి జరగండి. ఎవరైనా పడితే ముందు లేపాలి, తర్వాతే మిగతాది. మెటల్ జనం ఈ ఒక్క మర్యాద గట్టిగా పాటిస్తారు, మీరూ పాటించండి.

కన్సోల్_ముందు:

రెండూ కావాలంటే ఒక దారి ఉంది. ఓపెనింగ్ బ్యాండ్ అప్పుడు ముందుకి వెళ్ళండి, మెయిన్ బ్యాండ్ మొదటి రెండు పాటల దాకా అక్కడే ఉండండి. వేళ్ళు చూశాక వెనక్కి వచ్చి టెంట్ ముందు చేరండి. ముందు నుంచి వెనక్కి రావడానికి జనం దారి ఇస్తారు, వెనక నుంచి ముందుకి మాత్రం ఇవ్వరు. మొదటి రెండు పాటల్లో ఇంజనీర్ కూడా ఆ గాలికీ ఆ జనానికీ మిక్స్ సర్దుకుంటూ ఉంటాడు కాబట్టి సౌండ్‌లో మీరు పోగొట్టుకునేది పెద్దగా ఉండదు.

అరండల్‌పేట_ఆడియో:

చెవుల సంగతి నేను చెప్తా. మీ ప్రశ్నల్లో వెనక్కి తీసుకోలేని నష్టం ఉన్నది దీంట్లోనే కాబట్టి దయచేసి నింపాదిగా చదవండి.

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం అవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి 1, 97కి అరగంట, 100కి పావుగంట. మెటల్ షోల్లో 100 దాటడం మామూలే. అంటే ప్లగ్స్ లేకుండా ఆ రోజు చెవి భరించగలిగేది ఓపెనింగ్ బ్యాండ్ రెండో పాటకే అయిపోతుంది. 12 నుంచి 15 డెసిబెల్స్ తగ్గించే ప్లగ్ నిజంగా సరిగ్గా కూర్చుంటే 100 కాస్తా 85-88కి దిగి, షో మొత్తానికి సరిపోతుంది.

మొద్దుబారడం అనేది ఏ ప్లగ్ అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. పసుపు, నారింజ రంగుల్లో వచ్చే ఫోమ్ ప్లగ్ హెచ్చు స్థాయి (కీచు) శబ్దాల్ని ఎక్కువగా, బేస్‌ని తక్కువగా ఆపుతుంది. సింబల్స్, పిక్ తగిలే చప్పుడు పోయి కింది మోత మిగులుతుంది. ప్రోగ్‌లో లెక్క పట్టిచ్చేది సింబల్సే కాబట్టి ఫోమ్ పెట్టుకుంటే చెవి బతుకుతుంది కానీ తాళం తప్పుతుంది. సంగీతం వాళ్ళ కోసం చేసే ప్లగ్స్ వేరు. మెత్తటి రబ్బరు అంచులు, మధ్యలో సన్నటి గొట్టం, దాంట్లో ఫిల్టర్ ఉంటాయి. అన్ని స్థాయిల్నీ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి, వాల్యూమ్ తగ్గించినట్టే ఉంటుంది. ఎటిమోటిక్, లూప్ లాంటి కంపెనీలవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. షోకి వారం ముందు తెప్పించి ఇంట్లో స్పీకర్ ముందు పెట్టుకుని చూడండి. చిన్నవీ పెద్దవీ రెండు సైజులు ఇస్తే కుడి చెవికి ఒకటి, ఎడమకి ఇంకోటి సరిపోవడం కూడా మామూలే.

డబ్బు కుదరకపోతే ఫోమ్ అయినా సరే, ఏమీ లేకుండా మాత్రం వెళ్ళొద్దు. హెల్మెట్లు, గ్లోవ్స్ అమ్మే సేఫ్టీ సామాను షాపుల్లో అడగండి, ఆటోనగర్ వైపు తిరిగితే దొరుకుతాయి. తలకి రెండు జతలు తీసుకోండి, ఒకటి కింద పడితే అక్కడ వెతకలేరు. పెట్టుకునే పద్ధతిలోనే సగం పని ఉంది. చేతులు కడుక్కుని ప్లగ్‌ని రెండు వేళ్ళ మధ్య ముడత పడకుండా సన్నటి పుల్లలా చుట్టండి. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చెయ్యి తల వెనకనుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగండి. చెవి దారి నిటారుగా అవుతుంది. అప్పుడు లోపలికి నెట్టి, వేలు తియ్యకుండా 30 సెకన్లు అదిమిపట్టండి. మెల్లగా ఉబ్బి నిండుతుంది. ఎదుటివాడు మీ మొహం వైపు చూస్తే ప్లగ్ పెద్దగా బయటికి కనపడకూడదు. సగం బయటికుంటే అది అలంకారానికే. ఇదంతా గేటు బయటే చేయండి. లోపల చీకట్లో, చెమట వేళ్ళతో కుదరదు.

మోత ఉన్న మీ స్నేహితుడు మాత్రం టికెట్ కొనేముందే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించుకోవాలి. గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ ఆసుపత్రి) ఈఎన్‌టీ విభాగం ఉంది, రెండు ఊళ్ళలోనూ ప్రైవేటు వాళ్ళూ ఉన్నారు. వెళ్ళొచ్చని వాళ్ళంటే, చెవి అచ్చు తీసి చేయించే కస్టమ్ ప్లగ్ గురించి వినికిడి యంత్రాల సెంటర్లో అడగండి. తయారై రావడానికి టైము పడుతుంది కాబట్టి చివరి వారంలో పరిగెత్తితే అందదు. బారికేడ్ దగ్గరికి అతను వెళ్ళకూడదు, పక్కన సబ్‌ల దగ్గరికి అసలే వద్దు.

షో తర్వాత ఎవరికైనా చెవి మూసుకుపోయినట్టు ఉండి మోత వస్తే, ఒక రోజులో తగ్గాలి. రెండో రోజు కూడా ఉంటే, లేదా ఒక చెవి ఒక్కసారిగా వినపడ్డం మానేస్తే, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అకస్మాత్తుగా వచ్చే చెవుడుకి స్టెరాయిడ్ వైద్యం మొదటి రోజుల్లో మొదలుపెడితేనే ఫలితానికి అవకాశం ఎక్కువ.

సింగ్‌నగర్_స్లీపర్:

ప్రయాణం. మన రూల్స్ ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు నిషేధం (2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు). ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప ఓపెన్ ఎయిర్ షో 10కి ఆగాల్సిందే. అందుకే మెయిన్ బ్యాండ్ ఎనిమిది, ఎనిమిదిన్నరకే ఎక్కేస్తుంది. బెంగళూరు ట్రాఫిక్‌ని నమ్మి ఏడున్నరకి చేరదామనుకుంటే సగం సెట్ రోడ్డు మీదే వింటారు.

అదే రాత్రి బస్సు వద్దు. 10కి షో అయినా జనంలోంచి గేటు దాటి రోడ్డెక్కేసరికి మరో అరగంట, ముప్పావుగంట. క్యాబ్ దొరకడం అటుపైన. బెజవాడ వైపు స్లీపర్ బస్సులు ఎక్కువ భాగం అప్పటికే కదిలిపోయి ఉంటాయి. ఉన్న ఒకటీ అరా మీకోసం బోర్డింగ్ పాయింట్‌లో ఆగవు. ఆ కంగారుతో చివరి పాటకి ముందే బయటికి రావాల్సి వస్తుంది. ప్రోగ్ బ్యాండ్లు ఇరవై నిమిషాల పాటని చివరికే ఉంచుకుంటాయి, దాన్ని వదులుకుని బస్సు పట్టుకోవడం ఎందుకు? మైదానానికి దగ్గర్లో నలుగురికి ఒక గది తీసుకుని పొద్దున్నే లేచి రండి.

రైలైతే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ బెజవాడ, గుంటూరు రెండు చోట్లా ఆగి నంద్యాల మీదుగా బెంగళూరు పోతుంది. నలుగురూ బెజవాడలోనే ఎక్కితే ఒకే పీఎన్ఆర్‌లో ఉండొచ్చు. బెజవాడ నుంచి టికెట్ తీసి, గుంటూరు వాళ్ళు అక్కడే ఎక్కుతామంటే వాళ్ళిద్దరికీ వేరే టికెట్ తీయడమే శుభ్రం. ఎందుకంటే బోర్డింగ్ స్టేషన్ మార్పు పీఎన్ఆర్ మొత్తానికి వర్తిస్తుంది. మచిలీపట్నం నుంచి యశ్వంతపూర్ వెళ్ళే కొండవీడు ఎక్స్‌ప్రెస్ కూడా గుంటూరు మీదుగానే, కానీ అది రోజూ ఉండదు. ఏ రైలైనా షో రోజు మధ్యాహ్నానికి దిగేది కాకుండా ముందు రోజే దింపేది చూసుకోండి. ఆ దారిలో రెండు మూడు గంటలు లేటు కావడం పెద్ద విషయం కాదు.

2024 నవంబర్ నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, పొద్దున 8 గంటలకి. షో ప్రకటన చాలాసార్లు అంతకంటే ముందే వస్తుంది కాబట్టి ఆ 60వ రోజుని ఫోన్‌లో అలారం పెట్టుకోండి. తత్కాల్ ఏసీకి ముందు రోజు 10కి, స్లీపర్‌కి 11కి. ఆన్‌లైన్ తత్కాల్‌కి ఇప్పుడు ఆధార్ ధ్రువీకరణ అయి ఉండాలి, అది ఇవాళే పూర్తి చేసి పెట్టుకోండి.

రద్దు చేసుకోవడానికి వీలున్న టికెట్లే, గదులే కొనండి. 2011 అక్టోబర్ 28న గుర్గావ్‌లో మెటాలికా షో రద్దయింది. అదే టూర్‌లో 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మాత్రం జరిగింది. ఎంత పెద్ద బ్యాండైనా ఈ పరిస్థితి రావచ్చు. షో డబ్బు తిరిగొస్తుంది, ప్రయాణం డబ్బు ఎవరూ ఇవ్వరు. ఇంకోటి, బెంగళూరు మీదే కన్నేసి కూర్చోకండి. ఓపెత్ 2009లో ఐఐటీ మద్రాస్ సారంగ్‌కి వచ్చింది, అదే ఏడాది పోర్క్యుపైన్ ట్రీ ఐఐటీ బాంబే మూడ్ ఇండిగోకి వచ్చింది. చెన్నైలో పడితే మనకి పినాకినిలో పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి దిగే దూరమే.

షో టికెట్ నలుగురికీ ఒకడి ఫోన్‌లో ఉంటే నలుగురూ కలిసే గేటు దాటాలి. విడివిడిగా పంపుకునే సదుపాయం యాప్‌లో ఉంటే ముందే పంపేసుకోండి. క్యూఆర్ తెరుచుకోవడానికి గేటు దగ్గర నెట్ అందదు, గది నుంచి బయల్దేరేటప్పుడే తెరిచి ఉంచండి.

సత్యనారాయణపురం_లయ:

లెక్క గురించి అడిగారు. మనవాళ్ళకి ఇది కొత్తదేం కాదు. దుర్గాపురం ఘంటసాల సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకునే పిల్లలు మొదట్లో నోటితో చెప్పే సొల్లుకట్లే ఇక్కడా పనికొస్తాయి.

తేలికైన దానితో మొదలెట్టండి. 7/8 అంటే బార్‌కి (ఒక ఆవృత్తానికి) ఏడు అక్షరాలు, మన మిశ్రచాపు పొడవే. మనం తకిట తకధిమి అంటాం, 3+4. మెటల్‌లో ఎక్కువగా అది తిరగబడి వస్తుంది: తకధిమి తకిట, 4+3. ఆ తేడా నోటికి పట్టకపోతే ప్రతి ఆవృత్తంలోనూ ఒక అక్షరం ముందో వెనకో పడతారు. ఇక తల ఊపడం. తలని క్వార్టర్ నోట్ల మీద ఊపితే 7/8 ఒక బార్‌లో మూడున్నర ఊపులు పడతాయి. రెండో బార్‌లో తల దిగేది బీట్ల మధ్యలో. మూడో బార్‌కి మళ్ళీ సరిగ్గా సమానికి (ఆవృత్తం మొదలుకి) దిగుతుంది. తప్పిందని మధ్యలో సర్దుకోకండి, రెండు బార్లు కలిపి ఏడు ఊపులు అని లెక్కేసుకుంటే ఎప్పటికీ తప్పదు.

మెషుగ్గాది వేరే పద్ధతి. వాళ్ళది చాలావరకు 4/4 యే. డ్రమ్మర్ కుడి చెయ్యి సింబల్ మీద నాలుగు మామూలుగా నడుస్తుంది, కిక్కూ గిటారూ కలిసి వేరే పొడవున్న ముక్కని తిప్పుతుంటాయి. వినేవాళ్ళు కిక్‌ని పట్టుకుని నాలుగుని వదిలేస్తారు, అక్కడే దారి తప్పుతుంది. పట్టుకోవాల్సింది సింబల్‌ని. అరండల్‌పేట గారు ఫోమ్ గురించి చెప్పిన మాట ఇందుకే ముఖ్యం.

1998లో వచ్చిన వాళ్ళ పాట ‘న్యూ మిలీనియం సయనైడ్ క్రైస్ట్’ మొదటి రిఫ్ చూడండి. ముక్క పొడవు 23 పదహారో భాగాలు. అది ఐదుసార్లు వస్తే 115. ఆరోసారి 13 దగ్గరే కోసేస్తారు. మొత్తం 128, అంటే 4/4 లో 8 బార్లు. మన లెక్కలో ఆది తాళం చతురశ్ర నడకలో ఆవృత్తానికి 32 (ఎనిమిది క్రియలు, అంటే చేతి దెబ్బలు, ఒక్కోదానికి నాలుగు) కాబట్టి సరిగ్గా 4 ఆవృత్తాలు. మన ముక్తాయింపు (ముగింపు ముక్క) మూడుసార్లు నిండుగా తిరిగి సమానికి చేరుతుంది. ఇక్కడ చివరి ముక్క నిండకుండానే సమం వచ్చి పడుతుంది. ఆ తెగిన చోటే ఒళ్ళు ఝల్లుమంటుంది.

చేత్తో ఆది తాళం వేస్తూ నోటితో తకధిమి ఐదుసార్లు, చివర తకిట అనండి. 23. (రిఫ్ లోపలి విరుపులు వేరు, ఇది మొత్తం పొడవు నోటికి పట్టడానికే.) మొదట క్రియకి సెకను చొప్పున, 60 టెంపోలో. రెండోసారి ముక్క మొదటి ఆవృత్తం ఆరో క్రియ చివరి పావులో మొదలవుతుంది. మూడోది రెండో ఆవృత్తం నాలుగో క్రియ సగంలో. నాలుగోది మూడో ఆవృత్తం రెండో క్రియ మొదటి పావు అయ్యాక. ఒక్కోసారీ ఒక్కో పావు ముందుకి జరుగుతూ వస్తుందన్నమాట. ఐదోది మళ్ళీ సరిగ్గా క్రియ మీద పడుతుంది. జనం అందరూ సమం వచ్చేసిందనుకునేది ఇక్కడే, కానీ అది మూడో ఆవృత్తంలో ఎనిమిదో క్రియ. చివరి ముక్కకి తకధిమి తకధిమి తక తకిట, 13. పది రోజులు పొద్దున ఓ పావుగంట చెప్పుకుంటే మైదానంలో చెవి దానంతటదే పట్టుకుంటుంది.

బ్రాడీపేట_బాస్:

తల ఊపడం మాట వచ్చింది కాబట్టి, మెడ సంగతి కూడా. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హెడ్‌బ్యాంగింగ్ మీద ఒక పరిశోధన వచ్చింది. సగటు పాట టెంపో 146 అనీ, ఆ వేగంలో తలా మెడా కలిసి 75 డిగ్రీలకి మించి ఊగితే తలకి స్వల్ప గాయం అయ్యే అవకాశం ఉందనీ తేల్చారు. ప్రతి బీటుకీ కాకుండా బీటు విడిచి బీటుకి, తక్కువ కోణంలో, నడుము నుంచి వంగి ఊపండి. పక్క నుంచి పక్కకి, గుండ్రంగా తిప్పడం పూర్తిగా మానండి.

బూట్లు మూసి ఉండేవి, పాతవి, గట్టి అడుగువి. కొత్త జత వద్దు. గొలుసులు, మేకుల బెల్టులు, పెర్ఫ్యూమ్ సీసాలు, బయటి నీళ్ళ సీసాలు గేటు దగ్గరే ఆపేస్తారు. టీ షర్టులు కొనాలంటే ఓపెనింగ్ బ్యాండ్ వాయిస్తున్నప్పుడు వెళ్ళండి, అప్పుడే లైను చిన్నది. షో అయ్యాక మీడియం, లార్జ్ సైజులు మిగలవు. యూపీఐ జనంలో మొరాయిస్తుంది, కొంత నగదు దగ్గర పెట్టుకోండి.

పటమట_రిఫ్:

అందరికీ చాలా థాంక్స్. మ్యాప్ చూసి టికెట్ కొంటాం, స్నేహితుణ్ణి ముందు డాక్టర్ దగ్గరికి పంపిస్తున్నాం. లయ గారూ, 23 లెక్క మొదలుపెట్టాం. నాలుగోసారి దాకా చెయ్యి నిలబడుతోంది. ఐదోసారి మొదలవగానే చెయ్యి తనంతట తనే లఘువు మొదటి దెబ్బ (తాళం మొదటి క్రియ) వేసేస్తోంది, తాళం ఒక క్రియ పొట్టి అయిపోతోంది. అక్కడ ఎలా ఆపాలి?

సత్యనారాయణపురం_లయ:

అందరికీ తప్పేది అక్కడే. మొదటినుంచీ చెప్పుకుంటూ రాకండి, ఐదో ముక్క నుంచే విడిగా సాధన చేయండి. ఆ ముక్క మొదలయ్యేది రెండో ద్రుతం విసురు మీద, అంటే అరచెయ్యి పైకి తిరిగి ఉన్నప్పుడు. చెయ్యి తిప్పి పట్టుకుని, ఆ తిప్పుడు మీదే తకధిమి ఎత్తుకోండి. అక్కడ నుంచి మిగిలింది 23, 13 కలిపి 36. అంటే ఆ విసురు ఒకటి, తర్వాత నిండు ఆవృత్తం ఒకటి, అంతే. 13 అయిపోయి చెయ్యి లఘువు దెబ్బకి దిగితే లెక్క సరిపోయినట్టు. ఇది పదిసార్లు తప్పకుండా వచ్చాక నాలుగో ముక్క నుంచి, తర్వాత మూడో ముక్క నుంచి, ఇలా వెనక్కి వెళ్తూ మొదటిదాకా కలపండి. 60లో నిలబడ్డాక నాలుగేసి మెట్లు పెంచుతూ పోండి. అసలు పాట వేగానికి వచ్చాక చెయ్యి మానేసి, సింబల్ ఒక్కటే వింటూ నోటితో చెప్పి చూడండి.